పదిహేను మార్గదర్శకాలు, ఒక ఖాళీ కుర్చీ

సాయంత్రం ఆరు దాటాక విశాఖపట్నం ద్వారకా నగర్ లేన్లలో నడవాలంటే భుజం పక్కకి తిప్పుకుంటూ నడవాలి. ఆర్టీసీ కాంప్లెక్సు వైపు నుంచి డైమండ్ పార్కు దాకా ఎటు తిరిగినా వీపున బ్యాగులు, చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన మెటీరియల్, టీ బండి దగ్గర నిలబడి కూడా చదువుకుంటున్న పిల్లలు. నీట్, జేఈఈ, బ్యాంకు, గ్రూప్స్, డీఎస్సీ. పౌర గ్రంథాలయం రీడింగ్ హాల్లోనూ వాళ్ళే. శ్రీకాకుళం, పార్వతీపురం, సాలూరు నుంచి, సరిహద్దు దాటి రాయగడ, కోరాపుట్ నుంచి వచ్చినవాళ్ళు. తల పైకెత్తితే ర్యాంకుల ఫ్లెక్సీలు. పాస్‌పోర్టు ఫొటో సైజు ముఖాలు, ఒక్కో ముఖం కింద ఒక్కో అంకె.

ఈ వీధికి తనదైన భాష ఒకటుంది. ‘లాంగ్ టర్మ్’ అంటే ఇంటర్ అయిపోయాక ఇంకో ఏడాది మళ్ళీ మొదటి నుంచీ చదవడం. ‘స్టడీ అవర్’ అంటే క్లాసులన్నీ అయ్యాక రాత్రి మళ్ళీ బెంచీ మీద కూర్చోవడం. ‘ఔటింగ్’ అంటే అమ్మానాన్నలు క్యారేజీ పట్టుకుని వచ్చి బయటికి తీసుకెళ్ళే ఆ కొన్ని గంటలు. ‘సెక్షన్ మారింది’ అంటే మార్కులు తగ్గాయని, నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితుడు ఇవాళ వేరే గదిలో ఉన్నాడని. ఈ చివరి మాట ఫోన్లో ఇంటికి చెప్పడానికి పిల్లలు ఎంత తడబడతారో విన్న తల్లిదండ్రులకే తెలుసు. ఆ తడబాటు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఒక తీర్పులో నాలుగో మార్గదర్శకంగా అచ్చయింది. ఆ తీర్పు గురించే ఈ వ్యాసం.

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న ఒక అమ్మాయి చనిపోయింది. వేరే రాష్ట్రం నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల. దర్యాప్తు జరిగిన తీరు మీద తండ్రికి నమ్మకం కుదరలేదు. సీబీఐకి అప్పగించమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టును అడిగాడు, కోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ తండ్రి పేరు, కూతురి పేరు ఇక్కడ రాయను. ఆ ఇంటి దుఃఖం ఆ ఇంటిది.

తండ్రి అడిగింది ఇచ్చేశాక కోర్టు అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. 2022లో దేశంలో ఆత్మహత్యల వల్ల పోయిన 1,70,924 ప్రాణాల్లో 13,044 మంది విద్యార్థులేనన్న జాతీయ నేర గణాంకాల లెక్కను ముందు పెట్టుకుంది. అందులో 2,248 మంది పరీక్ష తప్పినందుకు చనిపోయినవాళ్ళు. మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో విడదీయరాని భాగమని చెప్పి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు రాసింది. 141వ అధికరణం కింద అవి చట్టంతో సమానం. పార్లమెంటో శాసనసభో సరైన చట్టం తెచ్చేదాకా అమల్లో ఉంటాయి. పని ప్రదేశంలో స్త్రీలపై లైంగిక వేధింపుల విషయంలో ‘విశాఖ’ కేసులో 1997లో కోర్టు ఇలాగే చేసింది. ఆ మార్గదర్శకాలు 2013లో చట్టం వచ్చేదాకా పదహారేళ్ళు కాపు కాశాయి. ఆ ‘విశాఖ’ రాజస్థాన్‌లో పనిచేసిన ఒక మహిళా సంస్థ పేరు, మన ఊరితో దానికి సంబంధం లేదు. అయినా రెండు సందర్భాల్లోనూ ఆ పేరే తగలడం చూసి ఈ ఊరివాడిగా నా మనసు ఒక క్షణం ఆగింది.

నేను న్యాయవాదిని కాను. రాతపని చూసేవాణ్ణి. ఒక వాక్యం ఎవర్ని పట్టుకుంటుంది, ఎవర్ని జారవిడుస్తుంది అని చూడటం నా అలవాటు. ఈ తీర్పు చివరి పేజీలు నాలుగైదుసార్లు అలా చదివాను. చదివినకొద్దీ దాన్ని రాసినవాళ్ళ మీద గౌరవం పెరిగింది. ఒకచోట మాత్రం మనసు కలుక్కుమంది. రెండూ చెబుతాను.

ముందు, ఈ విషయం మీద మన దగ్గర ఇదే మొదటి కాగితం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ విద్యార్థుల ఆత్మహత్యల గురించి మాట్లాడింది. కార్పొరేట్ కళాశాలల్లో వరుస మరణాల తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీని వేసింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు పంపింది. పదహారేళ్ళు నిండనివాళ్ళని చేర్చుకోవద్దని, రోజుకు ఐదు గంటలకి మించి తరగతులు పెట్టొద్దని అందులో ఉంది. ద్వారకా నగర్‌లో ఏ టీ బండి దగ్గరైనా నిలబడి ఈ మూడింటి గురించీ అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో. వాటిలో మంచి మాటలు లేక కాదు. సిఫారసు సిఫారసుగానే ఉండిపోతుంది, సలహా సలహాగానే ఉండిపోతుంది. వినకపోతే ఏమవుతుందో చెప్పని మాటకి బరువు ఉండదు.

కొత్త తీర్పు పనితనం మొదట కనిపించేది అది ఎవరికి వర్తిస్తుందో చెప్పేచోట. ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, శిక్షణ కేంద్రాలు, కోచింగ్ సంస్థలు, రెసిడెన్షియల్ అకాడమీలు, హాస్టళ్ళు, ఏ బోర్డుకి అనుబంధమన్న ప్రశ్నే లేకుండా. పైకి ఇది పేర్ల జాబితాలా కనిపిస్తుంది. మన దగ్గరి సంగతి తెలిసినవాళ్ళకి మాత్రం ఇందులో ఎన్ని తలుపులు మూసుకున్నాయో తెలుస్తుంది. ఇక్కడ ఒక పిల్లవాడు పేరుకి ఒక జూనియర్ కళాశాల విద్యార్థి, చదివేది ఇంకో భవనంలో కోచింగ్, పడుకునేది మూడో మనిషి నడిపే ప్రైవేటు హాస్టల్లో. ఏదైనా జరిగితే ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. ‘మాది కోచింగే, హాస్టల్ మాది కాదు’ అన్న జవాబు ఈ వీధిలో కొత్త కాదు. తీర్పులోని ఆ ఒక్క వాక్యం ఆ వేళ్ళన్నిటినీ ఒకేసారి మడిచేసింది.

రెండో మార్గదర్శకంలో ఒక అంకె ఉంది, 100. నూరుమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్నో సైకాలజిస్టునో సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారిక ఏర్పాటు చేసుకోవాలి. ‘తగినంతమంది’ అని రాసి వదిలేయవచ్చు, చాలా విధానపత్రాలు రాసేది అలాగే. ‘తగినంత’ అన్న మాటని యాజమాన్యం తనకు తోచినట్టు లెక్కేసుకుంటుంది. నూరు అంటే నూరే. హాజరు పట్టీ తెరిస్తే తేలిపోతుంది, కొలవడానికి నిపుణుడు అక్కర్లేదు. పదో తరగతి చదివిన తండ్రి కూడా అడగగలిగేలా రాయడమే ఇక్కడి నేర్పు.

ఐదో మార్గదర్శకం ఇంకా సూక్ష్మం. ఆత్మహత్యల నివారణ సహాయ నంబర్లు, టెలీ మానస్‌తో సహా, హాస్టళ్ళలో, తరగతి గదుల్లో, అందరూ తిరిగేచోట, వెబ్‌సైట్లో పెద్ద, స్పష్టమైన అక్షరాల్లో ఉంచాలట. అక్షరాల సైజు గురించి దేశ అత్యున్నత న్యాయస్థానం ఎందుకు మాట్లాడింది? ప్రిన్సిపాల్ గది బయట, ఫీజు గడువు నోటీసు కింద, ఎవరికీ కనబడని చిన్న కాగితం మీద అంటించి ‘పెట్టాం కదా’ అనే వీలు లేకుండా చేయడానికి. రాసినవాళ్ళకి సంస్థల మనస్తత్వం తెలుసు. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన మొదలైంది. నంబరు 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఫ్లెక్సీలో ర్యాంకు అంకెకి ఇచ్చే చోటులో పదో వంతు ఈ ఐదంకెలకి ఇస్తే చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఆరోది. బోధన సిబ్బంది, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మానసికంగా కుంగినవాళ్ళకి తొలి సాయం ఎలా చేయాలి, ప్రమాద సంకేతాలు ఎలా గుర్తుపట్టాలి, ఎవరి దగ్గరికి పంపాలి అన్నవి ధ్రువీకరణ ఉన్న నిపుణులు నేర్పాలి. ఇందులో ‘బోధనేతర’ అన్న మాట మీద నేను చాలాసేపు ఆగాను. హాస్టల్లో పిల్లవాడు రెండు రోజులుగా అన్నం వదిలేస్తున్నాడని ముందు తెలిసేది వడ్డించే ఆవిడకి. రాత్రి మూడింటికి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడని తెలిసేది వాచ్‌మన్‌కి. బట్టలు ఉతకడానికి వేయడం మానేశాడని తెలిసేది దోబీకి. ఫిజిక్స్ లెక్చరర్‌కి ఇవేవీ తెలియవు. ఆయన ముందు అరవైమంది, బోర్డు మీద కెపాసిటర్ల లెక్క. వడ్డించే ఆవిడ చూపుకి ఇప్పటిదాకా విధానపత్రాల్లో చోటు లేదు. ఆమె చూసినదాన్ని ఎవరికి చెప్పాలో చెప్పినవాళ్ళూ లేరు. ఈ తీర్పు ఆమె పేరు ఎత్తలేదు, కానీ ఒక్క మాటతో ఆమెని లోపలికి పిలిచింది.

ఇది గాలిలోంచి వచ్చిన ఆలోచన కాదు. మానసిక వైద్యుడు లేని ఊరిలో కూడా మామూలు ఆరోగ్య కార్యకర్తకి కొంత నేర్పితే చాలా పని జరుగుతుందని మన పక్కనే, తెలుగు ఇళ్ళు నిండుగా ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసి చూపించింది. తర్వాత దేశమంతా వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా ఆ ‘బళ్ళారి పద్ధతే’. ఈ మధ్య బీహార్‌లోని నలంద జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహర్’ అనే ప్రయోగం జరిగింది. కొన్ని బడుల్లో పిల్లలకి తోడుండే పని అక్కడి ఉపాధ్యాయుడికి అప్పగించారు. కొన్నింట్లో అదే పని శిక్షణ ఇచ్చిన, నిపుణుడు కాని ఒక మామూలు సలహాదారుకి ఇచ్చారు. సలహాదారు ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, దిగులు తగ్గింది, ఒకరినొకరు వేధించుకోవడం తగ్గింది. ఉపాధ్యాయుడికి అప్పగించినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మార్కులు వేసే చేతికే మనసులో మాట చెప్పుకోవడం ఏ పిల్లకైనా కష్టమే కదా. ఆ ఫలితాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే, కౌన్సెలర్‌ని విడిగా పెట్టమన్న రెండో మార్గదర్శకం, అందరికీ శిక్షణ ఇవ్వమన్న ఆరోది ఒకదాన్నొకటి ఎలా మోస్తున్నాయో అర్థమవుతుంది.

తొమ్మిదోది తల్లిదండ్రుల కోసం. పిల్లల మీద మోయలేని భారం పెట్టవద్దని, దిగులు గుర్తులు పట్టుకోవాలని, తిట్టకుండా దగ్గరికి తీసుకోవాలని చెప్పే కార్యక్రమాలు సంస్థలే నిర్వహించాలి. మామూలుగా ఇలాంటిచోట తల్లిదండ్రుల్ని దోషుల్లా చూపించే రాతలు ఎక్కువ. ఈ వాక్యం వాళ్ళని విద్యార్థుల్లా చూస్తుంది, నేర్పే బాధ్యతని ఫీజు తీసుకున్నవాళ్ళ మీద పెడుతుంది. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు, షిప్‌యార్డు దగ్గర వెల్డరు, అరకులో కాఫీ రైతు అప్పు చేసి ఫీజు కట్టి పిల్లని పంపిస్తాడు. అతనికి కౌమార మనస్తత్వం గురించి ఎవరు చెప్పారు? పేరెంట్స్ మీటింగ్ అంటే అతనికి తెలిసింది మార్కుల కాగితం మీద సంతకం పెట్టడం ఒక్కటే.

ఎనిమిదోదానికి పళ్ళున్నాయి. లైంగిక వేధింపులు, ర్యాగింగ్, కులం పేరుతో వర్గం పేరుతో జరిగే అవమానాల మీద రహస్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష తీర్చుకోకూడదు. సకాలంలో స్పందించక, ఆ నిర్లక్ష్యం ఒక పిల్లవాడు తనకు తాను హాని చేసుకోవడానికి దారి తీస్తే అది సంస్థ దోషంగా లెక్క. యాజమాన్యం చట్టం ముందు నిలబడాలి. ‘వాడు మొదట్నించీ సున్నితం’ అని చనిపోయినవాడి మీద నెట్టేయడానికి ఇక వీల్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది. ఎనిమిదో మార్గదర్శకం దాని తర్వాతి అడుగు వేసి, ఆ ఒత్తిడి ఎక్కడ తయారైందని అడిగింది.

బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. నాలుగో మార్గదర్శకం, ఆ ‘సెక్షన్ మార్పు’ మాట. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలంది. కానీ ముందు ‘వీలైనంత వరకు’ అన్న మాట చేర్చింది. పదిహేనింటిలో నేను చెరిపేయాలనుకున్న మాట అదొక్కటే. వీలు ఎవరు తేలుస్తారు? ర్యాంకు తెచ్చేవాళ్ళని ఒక గదిలో, మిగిలినవాళ్ళని ఇంకో గదిలో కూర్చోబెట్టడం మీదే ఈ వ్యాపారం నడుస్తున్నప్పుడు, వ్యాపారికి ఎన్నడూ వీలు పడదు. నూరు అన్న అంకెలో ఉన్న గట్టిదనం ఇక్కడ సడలింది.

పదిహేనోది కోచింగ్ నగరాల గురించి. జైపూర్, కోటా, సీకర్, చెన్నై, హైదరాబాద్, ఢిల్లీ, ముంబై, ఇంకా విద్యార్థులు పెద్దసంఖ్యలో వలస వెళ్ళే ఇతర నగరాలు. ఆ వరసలో విశాఖపట్నం పేరు కోసం వెతికాను. లేదు. ఏ ఊరి హాస్టల్లో జరిగిన మరణం వల్ల ఈ తీర్పు పుట్టిందో ఆ ఊరు ‘ఇతర నగరాలు’ అన్న మాటలో ఉంది. దీన్ని నేను తప్పు అనను. ‘వీటికే పరిమితం కాదు’ అని స్పష్టంగా రాశారు, చట్టపరంగా మనమూ అందులో ఉన్నట్టే. కానీ పేరు లేనిచోట పేరు నిలబెట్టుకోవాల్సింది ఊరివాళ్ళే. ఉక్కు కర్మాగారం కావాలని 1966లో ఈ ఊరు వీధిలోకి వచ్చి అడిగింది. అడిగితేనే వచ్చింది.

ఆ అడగడానికి దారి కూడా తీర్పులోనే ఉంది. మార్గదర్శకాల తర్వాత వచ్చే ఆదేశాల్లో ఒకటి ఇది. రాష్ట్రాలు రెండు నెలల్లో ప్రైవేటు కోచింగ్ కేంద్రాల నమోదుకి, విద్యార్థుల రక్షణకి, ఫిర్యాదుల పరిష్కారానికి నియమాలు తేవాలి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. అందులో విద్యాశాఖ, ఆరోగ్యశాఖ, బాలల సంరక్షణ విభాగం ప్రతినిధులు, పౌర సమాజం నుంచి కొందరు, మానసిక ఆరోగ్య నిపుణులు. అమలు చూడటం, తనిఖీ చేయడం, ఫిర్యాదులు తీసుకోవడం వాళ్ళ పని. కేంద్ర ప్రభుత్వం 90 రోజుల్లో ప్రమాణపత్రం వేయాలని చెప్పి, 2025 అక్టోబరు 27కి కేసు మళ్ళీ పెట్టుకుంది. తీర్పు చెప్పి ఫైలు కట్టేయకుండా, వాయిదా వేసి కూర్చోవడం కూడా పనితనమే.

ఈ కమిటీ బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చుంటారన్నదే నా దృష్టిలో ఈ తీర్పు గుండెకాయ. పైనుంచి వచ్చిన నియమం కింద ఒక ఊరి సంగతిగా మారేది ఆ బల్ల దగ్గరే. ‘పౌర సమాజం’ అన్న మాటతో కోర్టు తలుపు తెరిచింది. ఆ మాట చాలా విశాలం. అందులో ఎవరైనా పడతారు, ఎవరూ పడకుండా కూడా పోవచ్చు. కలుక్కుమందని ముందే అన్నానే, అది ఇక్కడే. విద్యార్థి కుర్చీ లేదు. ఈ పదిహేనూ ఎవరి కోసమో వాళ్ళు ఆ జాబితాలో పేరు పెట్టి లేరు. తల్లిదండ్రుల కుర్చీ కూడా విడిగా లేదు.

కుర్చీ ఎలా వేయాలో మన చట్టాలకి తెలియక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్నే చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకి లేదా దాన్ని దాటి వచ్చినవాళ్ళకి రెండు స్థానాలు, వాళ్ళని చూసుకునే ఇంటివాళ్ళకి రెండు, స్వచ్ఛంద సంస్థలకి రెండు అని లెక్కపెట్టి రాసింది. జిల్లా స్థాయి సమీక్ష మండళ్ళలో జడ్జీ, కలెక్టరు ప్రతినిధి, వైద్యులు ఇద్దరూ పోగా మిగిలిన రెండు స్థానాలూ రోగులకి, సంరక్షకులకి, వాళ్ళ తరఫున పనిచేసే సంస్థలకే. వైకల్యం ఉన్నవారి హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని 2007లో భారతదేశం ఆమోదించింది. ఎవరి గురించి చట్టం చేస్తున్నారో వాళ్ళని, పిల్లలతో సహా, సంప్రదించి చేయాలని ఆ ఒప్పందం చెబుతుంది. ఆ వెలుగులో రాసిన చట్టం కాబట్టే ‘పిచ్చాసుపత్రి’ అని మనం తేలిగ్గా అనేసే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉండి వచ్చిన మనిషికి రాష్ట్ర స్థాయి బల్ల దగ్గర చోటు పుట్టింది. చట్టం రాతలో అంత అందమైన సంగతి నేను ఎక్కువచోట్ల చూడలేదు. ఆ చట్టంలో లేనిది యువత కోసం విడిగా ఒక స్థానం. కొత్త తీర్పు ఆ లోటును పూడ్చగలిగేది, పూడ్చలేదు.

బయటి దేశాల్లో యువతని అడగడం ఆచరణలో ఉంది. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన హెడ్‌స్పేస్ అనే మానసిక ఆరోగ్య సంస్థ కేంద్రాలు 12 నుంచి 25 ఏళ్ళ వాళ్ళ కోసం. గోడల రంగు దగ్గర్నుంచి కేంద్రం ఏ వేళలకి తెరవాలో దాకా ఆ వయసు వాళ్ళ సలహా బృందాలని అడుగుతారు. మనకీ ఒక మొదలు పడింది. అదే 2025లో, మార్చి 24న, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మరణాల మీద ఇంకో కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం మాజీ న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. ఆ దళం కళాశాలలు తిరిగింది. విద్యార్థుల్ని, తల్లిదండ్రుల్ని, అధ్యాపకుల్ని విడివిడి ప్రశ్నావళులతో అడిగింది. తీర్పు రాసినవాళ్ళు దీన్ని మరిచిపోలేదు. తమ మార్గదర్శకాలు ఆ దళం పనికి అడ్డు కాదని, దానికి సమాంతరంగా, అది పూర్తయ్యేలోపు పిల్లలకి కాపుగా ఉండటానికేనని స్పష్టంగా రాశారు. తన పక్కన ఇంకొకరు ఇదే పని చేస్తున్నారని గుర్తించి, వాళ్ళ కోసం చోటు వదిలి రాయడం పెద్దమనసు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ రాతల్లో అది అరుదు.

కాబట్టి ఆ ఖాళీ కుర్చీ సంగతి ఢిల్లీలో తేలాల్సిన పని లేదు. ‘పౌర సమాజం’ అన్న మాటకి అర్థం విశాఖ కలెక్టరేట్లో కూడా చెప్పుకోవచ్చు. లాంగ్ టర్మ్ చదివి సీటు వచ్చిన పిల్ల ఒకరు, రాక వేరే దారి పట్టిన పిల్లవాడు ఒకరు. వాళ్ళకి పద్దెనిమిది దాటి ఉంటుంది, మాట్లాడగలరు. సెక్షన్ మారిన రోజు రాత్రి ఎలా గడిచిందో చెప్పగలరు. కౌన్సెలర్ గది వార్డెన్ గదికి ఎదురుగా ఉంటే ఎవరూ లోపలికి వెళ్ళరని వాళ్ళే చెప్పాలి, ఏ నిపుణుడికీ అది తట్టదు. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న గిరిజన విద్యార్థి ఒకరు ఉండాలి. ఏడో మార్గదర్శకం అణగారిన వర్గాల పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పమంది. అది సరిగ్గా నేర్పారో లేదో ఆ పిల్లలే చెప్పాలి. ఒక తల్లి, ఒక హాస్టల్ వంటమనిషి కూడా ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది, చినవాల్తేరు ఆసుపత్రి ఉంది. నిపుణుల కోసం ఈ ఊరు బయటికి చూడక్కర్లేదు. ఇంత ఉన్న ఊళ్ళు దేశంలో చాలా తక్కువ.

ఇంకొక్క పని. తీర్పు ఇంగ్లీషులో ఉంది. మొదటి మార్గదర్శకం ప్రకారం ప్రతి సంస్థా తన మానసిక ఆరోగ్య విధానాన్ని నోటీసు బోర్డు మీద అందరికీ కనబడేలా పెట్టాలి, ఏటా సరిచూసుకోవాలి. అది తెలుగులో ఉండాలి. ఒడిశా పిల్లలున్నచోట ఒడియాలో కూడా ఉండాలి. వాచ్‌మన్ చదవలేని విధానం వాచ్‌మన్‌కి వర్తించదు.

వచ్చే ఔటింగ్ ఆదివారం మీ పిల్లనో పిల్లవాడినో చూడటానికి వెళ్ళినప్పుడు క్యారేజీ ఇచ్చి వెంటనే బయటికి రాకండి. నోటీసు బోర్డు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. 14416 పెద్ద అక్షరాల్లో ఉందా చూడండి. కౌన్సెలర్ పేరు అడగండి. లేదంటే ఎందుకు లేదో రాసి ఇమ్మనండి. ఆ కాగితం పట్టుకుని కలెక్టరేట్‌కి వెళ్ళి, జిల్లా కమిటీలో ఎవరెవరున్నారో, విద్యార్థి ఎవరో అడగండి. అడిగే హక్కు 2025 జులై 25 నుంచి మీకుంది.